స్కూబా సామాను: ఆన్‌లైన్‌లో ఏది కొనొచ్చు, డైవ్ షాపులోనే ఏది కొనాలి?

స్కూబా డైవింగ్ ఒకప్పుడు టీవీలో చూసి ఆశ్చర్యపోయే విషయం. ఇప్పుడు విశాఖపట్నం రుషికొండ తీరంలోనే నేర్పిస్తున్నారు. సెలవులకు అండమాన్ వెళ్లే కుటుంబాలు స్వరాజ్ ద్వీప్‌లో, అంటే పాత హావ్‌లాక్‌లో, ఒక్కసారైనా నీళ్లలోకి దిగి వస్తున్నాయి. జెద్దా, ఫుజైరా లాంటి చోట్ల ఉద్యోగాలు చేసుకునే మన పిల్లలకైతే సముద్రం ఇంటి పక్కనే ఉంటుంది.

ఒకసారి దిగొచ్చాక చాలామంది చేసే పని ఒకటే. రూముకు రాగానే ఫోన్ తీసి మాస్క్, ఫిన్స్, రెగ్యులేటర్ ధరలు వెతుకుతారు. షాపువాడు చెప్పిన ధరకూ, ఫోన్‌లో కనిపించే ధరకూ వేల రూపాయల తేడా ఉంటుంది. "షాపులో మనల్ని మోసం చేస్తున్నారా?" అన్న అనుమానం వస్తుంది.

దీనికి అవును, కాదు అని ఒక్క ముక్కలో జవాబు లేదు. కొన్ని వస్తువులు ఆన్‌లైన్‌లో కొంటే ఏ నష్టమూ లేదు. కొన్ని ఒంటికి పెట్టుకుని చూసి కొనాలి. మరికొన్నిటి మీద మనిషి ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఏది ఏ కోవలోకి వస్తుందో తెలిస్తే డబ్బూ మిగులుతుంది, ప్రమాదమూ తప్పుతుంది.

ముందు సామాను సంగతి

ముఖానికి మాస్క్, కాళ్లకు ఫిన్స్, ఒంటికి వెట్‌సూట్ ఉంటాయి. వీపున గాలి సిలిండర్ ఉంటుంది. దాన్ని మోసే జాకెట్‌ను బీసీడీ అంటారు. ఇందులోకి గాలి వదిలితే మనిషి పైకి తేలతాడు, గాలి తీసేస్తే కిందికి దిగుతాడు. సిలిండర్ నుంచి నోటికి గాలి అందించేది రెగ్యులేటర్. ఎంత లోతులో, ఎంతసేపు ఉన్నామో, ఇంకా ఎంతసేపు ఉండొచ్చో చెప్పేది డైవ్ కంప్యూటర్. ఇది చేతి గడియారంలా ఉంటుంది.

వీటిలో రెగ్యులేటర్ పని అర్థమైతే మిగతా చర్చ సులువవుతుంది. కారు టైరులో గాలి ఒత్తిడి 2 బార్‌లకు కాస్త ఎక్కువ. నిండు స్కూబా సిలిండర్‌లో అది సుమారు 200 బార్. ఆ ఒత్తిడిని రెగ్యులేటర్ రెండు దశల్లో తగ్గిస్తుంది. సిలిండర్‌కు బిగించే మొదటి భాగం దాన్ని 9, 10 బార్‌ల దగ్గరకు తెస్తుంది. నోట్లో పెట్టుకునే రెండో భాగం, ఆ లోతులో మన ఊపిరితిత్తులకు సరిపోయే ఒత్తిడికి తగ్గించి ఇస్తుంది. లోపల ఉండేవి స్ప్రింగులు, రబ్బరు రింగులు, సన్నని సీట్లు. ఇవి ఉప్పునీటికి, వాడకానికి అరిగిపోతాయి. కాబట్టి రెగ్యులేటర్ ఒకసారి కొని మరచిపోయే వస్తువు కాదు. కంపెనీ చెప్పిన గడువులో, సాధారణంగా ఏడాదికో రెండేళ్లకో, విప్పి శుభ్రం చేసి భాగాలు మార్చాలి.

షాపు ధర ఎందుకు ఎక్కువ?

డైవింగ్ వ్యాపారం మొదటి నుంచీ షాపు చుట్టూనే పెరిగింది. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కూస్తో, ఎమిల్ గాన్యన్ ఆక్వాలంగ్ పరికరాన్ని తయారు చేశారు. కొన్నేళ్లకే అది అమెరికా చేరింది. అక్కడ దాన్ని దిగుమతి చేసి అమ్మింది లాస్ ఏంజిలెస్‌లోని ఒక క్రీడా వస్తువుల దుకాణం. 1966లో డైవింగ్ సామాను అమ్మే ఉద్యోగి జాన్ క్రోనిన్, ఈత శిక్షకుడు రాల్ఫ్ ఎరిక్సన్ కలిసి పాడి సంస్థను స్థాపించారు. ఈ రోజు ప్రపంచంలో ఎక్కువమంది చేతిలో కనిపించే డైవింగ్ కార్డు ఆ సంస్థదే. దాని శిక్షణ ఎక్కువగా డైవ్ షాపుల ద్వారానే సాగుతుంది. ఒకే చోట పాఠం చెప్పాలి, సామాను అమ్మాలి, సిలిండర్ నింపాలి, సముద్రంలోకి తీసుకెళ్లాలి. ఇదే ఆ పద్ధతి.

ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. చాలా చోట్ల కోర్సు ఫీజు మీద మిగిలేది తక్కువ. ఆ లోటును సామాను అమ్మకం మీద పూడ్చుకోవాలి. ఇంటర్నెట్ వచ్చాక నేర్చుకునేది షాపులో, కొనేది ఫోన్‌లో అయింది. షాపుకు అద్దె, జీతాలు, పడవ డీజిల్, కంప్రెసర్ ఖర్చు అలాగే ఉన్నాయి, ఆదాయం మాత్రం పక్కకు పోయింది. షాపు మాస్క్ ధరలో మాస్క్ ఒక్కటే ఉండదు. ఆ ఖర్చుల్లో కొంత భాగం కూడా ఉంటుంది.

అలాగని ప్రతి షాపూ న్యాయంగా ఉంటుందని కాదు. కొత్తగా నేర్చుకునేవారికి మొదటి వారంలోనే పూర్తి సెట్ అంటగట్టే చోట్లూ ఉన్నాయి. స్టాకులో ఉన్నదే మంచిదని చెప్పే సేల్స్‌మన్ డైవింగ్‌లోనూ ఉంటాడు.

ఆన్‌లైన్ ధర ఎందుకు తక్కువ?

షోరూమ్ ఉండదు, ఒక్కసారే పెద్ద మొత్తంలో కొంటారు, తక్కువ మార్జిన్‌తో ఎక్కువ అమ్ముతారు. ఇది న్యాయమైన కారణమే. రెండో కారణం గ్రే మార్కెట్. కంపెనీ ఒక దేశం కోసం పంపిన సరుకును వేరే వ్యాపారి కొని, ఇంకో దేశంలో చవకగా అమ్ముతాడు. వస్తువు అసలుదే. కానీ అధీకృత డీలర్ దగ్గర కొనలేదు కాబట్టి కంపెనీ వారంటీ వర్తించకపోవచ్చు. అమ్మినవాడు తన సొంత వారంటీ ఇస్తానంటే, అది ఎవరు, ఎక్కడ, ఎలా తీరుస్తారో చదువుకోవాలి. మూడోది నకిలీ. చూడటానికి తేడా తెలియదు.

విదేశీ సైట్ నుంచి ఇండియాకు తెప్పిస్తే ఇంకో లెక్క ఉంది. వస్తువు ధరకు రవాణా ఖర్చు కలిపి, దాని మీద కస్టమ్స్ సుంకం, ఆపైన ఐజీఎస్టీ వేస్తారు. 5,000 రూపాయల లోపు గిఫ్ట్‌లకు ఒకప్పుడు ఉన్న మినహాయింపును 2019 డిసెంబర్‌లో తీసేశారు. కాబట్టి బంధువు పేరుతో గిఫ్ట్ అని రాసి పంపించినా సుంకం పడుతుంది. స్క్రీన్ మీద చవకగా కనిపించింది ఇంటికి చేరేసరికి షాపు ధరను దాటిన సందర్భాలు తక్కువేమీ కాదు.

పెట్టుకుని చూసి కొనాల్సినవి

మొదట కొనాల్సిన వస్తువు మాస్క్. ఇది బ్రాండ్ చూసి కొనేది కాదు, ముఖానికి సరిపోతుందా అని చూసి కొనేది. పరీక్ష చాలా తేలిక. పట్టీ తలకు తగిలించకుండా మాస్క్‌ను ముఖానికి ఆనించి, ముక్కుతో కొద్దిగా గాలి పీల్చాలి. చేయి వదిలేసినా మాస్క్ పడిపోకుండా అతుక్కుని ఉంటే సరిపోయినట్టే. ఫొటో చూసి ఈ పరీక్ష చేయలేం. ఈత గాగుల్స్ డైవింగ్‌కు పనికిరావు. ముక్కు బయటే ఉండిపోతుంది కాబట్టి లోతులో లోపలి ఒత్తిడిని సరిచేయడం కుదరదు. ముఖమంతా కప్పే స్నార్కెల్ మాస్క్‌లు కూడా స్కూబాకు వాడకూడదు.

గడ్డం ఉన్నవారికి మాస్క్ నిలవదని చాలామంది అంటుంటారు. అసలు ఇబ్బంది గడ్డంతో కాదు, మీసంతో. మాస్క్ కింది అంచు ముక్కు కింద, పై పెదవి మీద ఆనుతుంది. అక్కడ వెంట్రుకలుంటే నీళ్లు కారతాయి. మీసం కత్తిరించుకుని గడ్డం ఉంచుకునేవారికి ఈ సమస్య తక్కువ. మీసం ఉన్నవారు ముక్కు కింద సన్నని గీత మేర ట్రిమ్ చేసుకున్నా చాలు.

వెట్‌సూట్ కూడా అంతే. గాలితో పోలిస్తే నీళ్లు ఒంటి వేడిని సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తాయి. సూట్ వదులుగా ఉంటే లోపలికి నీళ్లు వచ్చి పోతూ చలి పుడుతుంది. బిగుతుగా ఉంటే ఊపిరి కష్టమవుతుంది. ఒకే సైజు నంబర్ ఉన్నా ఒక్కో కంపెనీ కొలత ఒక్కోలా ఉంటుంది.

మన ఇళ్లలో ఆడపిల్లలు డైవింగ్ నేర్చుకుంటానంటే మొదట వచ్చే ప్రశ్న బట్టల గురించే. మణికట్టు నుంచి చీలమండ దాకా కప్పే ఫుల్ వెట్‌సూట్ అందరూ వేసుకునేదే, ప్రత్యేకంగా అడగాల్సిన పని లేదు. తలకు అదే గుడ్డతో చేసిన హుడ్ దొరుకుతుంది. జుట్టంతా లోపలే ఉంటుంది. మామూలు స్కార్ఫ్ కట్టుకుంటే గుడ్డ మాస్క్ అంచు కిందికి జారి నీళ్లు వస్తాయి. పైన వదులు దుస్తులు వేసుకోవాలనుకుంటే బీసీడీ బకిల్స్‌లో, గొట్టాల్లో చిక్కుకోకుండా చూడాలి. కొలత తీసుకోవడానికి మహిళా సిబ్బంది, నీళ్లలో మహిళా ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారా అని ముందే ఫోన్ చేసి అడగొచ్చు. ఆన్‌లైన్ సైట్ ఇవ్వలేని సౌకర్యం ఇది.

షాపులో గంటసేపు నాలుగు మాస్క్‌లు పెట్టి చూసి, నంబర్ ఫొటో తీసుకుని, బయటికొచ్చి ఫోన్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లూ ఉన్నారు. చట్టప్రకారం తప్పేమీ కాదు. కానీ ఆ గంట షాపువాడి పని గంట. అతని సమయం వాడుకున్నప్పుడు అతని దగ్గర కొనడమే మర్యాద. ధర తేడా మరీ ఎక్కువైతే "ఆన్‌లైన్‌లో ఇంతకు వస్తోంది, మీరెంతకు ఇవ్వగలరు?" అని నేరుగా అడిగితే తగ్గించే షాపులు చాలానే ఉంటాయి.

ఊపిరి ఆధారపడే వస్తువులు

రెగ్యులేటర్, బీసీడీ కొనేటప్పుడు ధర కన్నా ముందు అడగాల్సిన ప్రశ్న: "దీన్ని ఎవరు, ఎక్కడ సర్వీస్ చేస్తారు?" ఆ బ్రాండ్ విడిభాగాలు, ఆ కంపెనీ శిక్షణ పొందిన టెక్నీషియన్ అందుబాటులో లేకపోతే ఎంత చవకగా దొరికినా అది బేరం కాదు. సర్వీస్ కోసం దేశం దాటించి పంపితే ఆదా చేసిన డబ్బు కొరియర్‌కే పోతుంది. సర్వీస్ చేయించకుండా వాడితే ఇంకా ప్రమాదం.

సిలిండర్‌కు బిగించే పద్ధతుల్లో యోక్, డిన్ అని రెండు రకాలున్నాయి. వెళ్లే చోట ఏ రకం వాల్వులు ఉంటాయో తెలుసుకోకుండా కొంటే అడాప్టర్ కోసం పరుగులు పెట్టాలి. స్థానిక షాపు ఒక్క మాటలో చెప్పేస్తుంది.

డైవ్ కంప్యూటర్ సంగతి కాస్త వేరు. దీనికి ఒంటి కొలత అక్కర్లేదు. అధీకృత డీలర్ అయితే ఆన్‌లైన్‌లో కొన్నా ఇబ్బంది లేదు. బ్యాటరీ మనమే మార్చుకునే రకమా, షాపులో మార్పించి లీక్ పరీక్ష చేయించాలా అన్నది మాత్రం చూసుకోవాలి. ఫిన్స్ పట్టీలు, సామాను సంచి, టార్చ్, లాగ్ బుక్, మాస్క్ డబ్బా లాంటివి నిశ్చింతగా ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు.

ఫోన్‌లో కనిపించే చిన్న సిలిండర్

తల్లిదండ్రులు ప్రత్యేకంగా గమనించాల్సింది ఇదే. నీళ్ల సీసా అంత సిలిండర్, నోట్లో పెట్టుకునే ముక్క, చేతి పంపు కలిపి ఒక సెట్‌గా అమ్ముతున్నారు. ట్రైనింగ్ అక్కర్లేదన్నట్టు వీడియోలు చూపిస్తారు. పిల్లలకు గిఫ్ట్‌గా కొనేవాళ్లూ ఉన్నారు.

లెక్క చూద్దాం. అర లీటరు సీసాను 200 బార్‌ల దాకా నింపితే అందులో ఉండేది సుమారు 100 లీటర్ల గాలి. నీళ్లలో కదిలే మనిషికి నిమిషానికి 20 లీటర్లు అనుకుంటే, నీటి పైనే 5 నిమిషాలు. 10 మీటర్ల లోతులో ఒత్తిడి రెట్టింపు అవుతుంది కాబట్టి రెండున్నర నిమిషాలే. భయపడి వేగంగా ఊపిరి పీలిస్తే ఇంకా తక్కువ.

అసలు ప్రమాదం గాలి అయిపోవడం ఒక్కటే కాదు. లోతులో సిలిండర్ గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తుల్లోని గాలి వ్యాకోచిస్తుంది. 10 మీటర్ల నుంచి పైకి వచ్చేసరికి రెట్టింపవుతుంది. ఊపిరితిత్తులు చిరిగి, గాలి బుడగలు రక్తంలోకి చేరి ప్రాణం పోవచ్చు. స్విమ్మింగ్ పూల్ లోతు కూడా ఇందుకు సరిపోతుంది. కోర్సులో మొదట నేర్పే నియమం "ఎప్పుడూ ఊపిరి బిగబట్టొద్దు" అన్నదే. ఆ ఒక్క పాఠం సెట్‌తో పాటు డబ్బాలో రాదు.

ఏ సిలిండర్‌నైనా పంక్చర్ షాపు కంప్రెసర్‌తో నింపించడం మరో ప్రమాదం. ఆ గాలిలో ఆయిల్ ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్ ఉండొచ్చు. పీల్చే గాలికి యూరప్‌లో పాటించే ఈఎన్ 12021 ప్రమాణం కార్బన్ మోనాక్సైడ్‌ను పది లక్షల భాగాల్లో 5 భాగాలకు మించనివ్వదు. నేల మీద తెలియనంత విషం కూడా 30 మీటర్ల లోతులో నాలుగు రెట్ల ప్రభావం చూపిస్తుంది.

కొనడమా, అద్దెకు తీసుకోవడమా?

చాలా కుటుంబాలకు అసలు జవాబు ఆన్‌లైన్ కాదు, షాపు కూడా కాదు. అద్దె.

ఉదాహరణకు ఒక లెక్క అనుకుందాం. రెగ్యులేటర్, బీసీడీ కలిపి 70,000 రూపాయలు. ఏడాదికి సర్వీస్ 6,000. అద్దెకు తీసుకుంటే రోజుకు 1,000. ఏడాదికి 5 రోజులు డైవ్ చేసేవారికి అద్దె 5,000. సొంతంగా ఉంటే సర్వీస్ ఖర్చే అంతకు మించిపోతుంది, పెట్టిన 70,000 ఎప్పటికీ తిరిగి రాదు. ఏడాదికి 30 రోజులు దిగేవారికి అద్దె 30,000 అవుతుంది. సర్వీస్ పోను ఏటా 24,000 మిగులుతుంది, సుమారు మూడేళ్లలో పెట్టుబడి తిరిగి వస్తుంది. మీ ఊరి ధరలు వేసుకుని ఇదే లెక్క కట్టుకోవచ్చు. డైవ్ ప్యాకేజీలో సామాను అద్దె కలిసే ఉందా, సొంత సామాను తెస్తే ఎంత తగ్గిస్తారు అన్నది ముందే అడగాలి.

హైదరాబాద్‌లో సముద్రం లేదు. పూల్‌లో శిక్షణ ఇచ్చి, సముద్రంలో డైవ్‌ల కోసం వేరే చోటికి తీసుకెళ్తారు. అలాంటివారు మాస్క్ సొంతంగా కొనుక్కుని, కొంత అనుభవం వచ్చాక కంప్యూటర్ తీసుకుని, మిగతాది అద్దెకు వాడుకోవడం మేలు. సిలిండర్ మాత్రం కొనాల్సిన పనే లేదు. నిండు సిలిండర్‌ను విమానంలోకి అనుమతించరు. చాలా దేశాల్లో 5 ఏళ్లకోసారి హైడ్రో టెస్ట్ చేయించి ముద్ర వేయించాలి. డైవ్ చేసే చోటే అది దొరుకుతుంది.

గల్ఫ్‌లో ఉన్నవారు

ఎర్ర సముద్రం పక్కన జెద్దాలో, గల్ఫ్ ఆఫ్ ఒమన్ తీరాన ఫుజైరాలో ఏడాదంతా డైవింగ్ సాగుతుంది. దుబాయ్‌లో 2021లో తెరిచిన డీప్ డైవ్ దుబాయ్ కొలను లోతే 60 మీటర్లు. అక్కడ ప్రతి వారం దిగేవారికి సొంత సామాను లాభమే. అలాంటప్పుడు "స్థానిక షాపు" అంటే సొంతూరి షాపు కాదు, వారం వారం సిలిండర్ నింపే షాపు.

ఉద్యోగం మారి వెళ్లిపోయేవాళ్లు సామాను సగం ధరకు అమ్మేస్తుంటారు. కొనే ముందు సర్వీస్ రసీదులు, సీరియల్ నంబర్ అడగాలి. కొన్నాక ఒకసారి సర్వీస్ చేయించి, గొట్టాలు చూపించిన తర్వాతే నీళ్లలోకి దిగాలి. ఆ ఖర్చునూ బేరంలో కలుపుకోవాలి. ఇండియాకు వచ్చేసే ఆలోచన ఉంటే ఆ బ్రాండ్ ఇక్కడ సర్వీస్ అవుతుందో లేదో ముందే తెలుసుకోవాలి. సుంకం లేకుండా తెచ్చుకోగల సామాను విలువ పరిమితిని ప్రయాణానికి ముందు చూసుకోవాలి.

బిల్లు, వారంటీ, ఫిర్యాదు

ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు తీసుకోవాలి. అందులో మోడల్, సీరియల్ నంబర్ ఉండాలి. వారంటీ కార్డు మీద డీలర్ ముద్ర ఉండాలి. ఏదైనా మోడల్‌లో లోపం ఉందని కంపెనీ వెనక్కి పిలిస్తే, ఈ నంబర్ల ద్వారానే కబురు అందుతుంది.

ఇండియాలోని ఆన్‌లైన్ అమ్మకాలకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం, 2020 ఈ-కామర్స్ నిబంధనలు వర్తిస్తాయి. అమ్మేవారి వివరాలు, వస్తువు ఏ దేశంలో తయారైంది, వాపసు నిబంధనలు ముందే చూపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. కాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, 5 లక్షల రూపాయల లోపు విలువకు ఫీజు లేదు. విదేశీ సైట్ మీద ఇవే హక్కులు సాధించుకోవడం కష్టం.

షాపు లేకపోతే?

ఫోన్‌లో కొన్న రెగ్యులేటర్ నీళ్లలో పనిచేయాలంటే సిలిండర్‌లో గాలి ఉండాలి. ఆ గాలిని ఏ వెబ్‌సైటూ కొరియర్‌లో పంపదు. ఫిల్టర్ మార్చిన కంప్రెసర్, దాన్ని చూసుకునే మనిషి, ఈ రోజు అలలు బాగోలేవు దిగొద్దని చెప్పే అనుభవం, ఇవన్నీ తీరంలోని షాపులోనే ఉంటాయి. అది మూతపడితే ఆ ఊళ్లో డైవింగ్ కూడా ఆగిపోతుంది.

కాబట్టి షాపుకు ఇచ్చే అదనపు డబ్బు దానం కాదు. సేవకు ఇచ్చే ధర. ఆ సేవ నిజంగా అందుతోందా అని అడిగే హక్కు కొనేవారికి ఉంది. కంప్రెసర్ గాలిని చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించారు? రెగ్యులేటర్ సర్వీస్ రికార్డు చూపిస్తారా? అమ్మిన వస్తువులో తేడా వస్తే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు? ఈ మూడింటికీ తడుముకోకుండా జవాబిచ్చే షాపులో నాలుగు రూపాయలు ఎక్కువైనా కొనొచ్చు. జవాబు చెప్పలేని షాపులో కొనకపోవడమే కాదు, అక్కడ సిలిండర్ కూడా తీసుకోకూడదు.